చెమటకు సరిపడా నీళ్లు

ఒక్క నది కూడా లేని దేశం సముద్రాన్నే మంచినీళ్లుగా మార్చుకుంది. ఆ నీళ్లు ఎండలో పనిచేసేవాడి ఒంట్లోకి వేళకు చేరుతున్నాయా? ముదురుతున్న ఎండలు ఎమిరేట్స్‌ను అడుగుతున్న ప్రశ్న ఇది. మన పల్లెలనూ అడుగుతున్నాయి.

జూన్ 15 వచ్చిందంటే మధ్యాహ్నం పన్నెండున్నరకు దుబాయి, అబుధాబి సైట్లలో ఎండలో పని ఆగిపోతుంది. తలకు చుట్టిన తువ్వాలు విప్పి చెమట పిండుకుంటూ కూలీలు నీడకు చేరతారు. మూడింటికి మళ్లీ హెల్మెట్లు తలకెక్కుతాయి. సెప్టెంబరు 15 దాకా రోజూ ఇంతే. 2005 నుంచి ఏటా వేసవిలో ఈ విరామం అమలవుతోంది. కాదని పని చేయిస్తే మనిషికి 5 వేల దిర్హాముల చొప్పున, 50 వేల దాకా జరిమానా.

ఆ నీడలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల నుంచి వచ్చినవాళ్లుంటారు. కడప, కోనసీమ వాళ్లుంటారు. బోర్లు ఎండి, అప్పులు మిగిలి దుబాయి దారి పట్టినవాళ్లు వీళ్లలో ఎందరో. నీళ్లు లేక ఊరు విడిచినవాడు, నదే లేని దేశంలో బతుకు వెతుక్కున్నాడు.

నీళ్లు గెలిచారు, ఎండ మిగిలింది

ఒకప్పుడు అల్ ఐన్ ఒయాసిస్సులో ఖర్జూర తోటలకు ‘ఫలజ్’లే ఆధారం. భూగర్భ జలాన్ని వాలు మీదుగా తోటలకు మళ్లించే కాలువలవి. ఇప్పుడు అబుధాబిలోని తవీలా ప్లాంటు ఒక్కటే రోజుకు 90 కోట్ల లీటర్లకు పైగా సముద్రపు నీటిని మంచినీరుగా మార్చగలదు. లివా ఎడారిలో ఇసుక కింద అలాంటి నీటినే నిల్వ చేశారు. ఆపద వస్తే 10 లక్షల మందికి రోజుకు 180 లీటర్ల చొప్పున 90 రోజులు సరిపోయేంత నిల్వ అది.

నీటి కరువుకు డబ్బూ ఇంజినీరింగూ దారి చూపించాయి. ఎండకు అంత తేలికైన దారి లేదు. 2025 మే 24న స్వీహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదైంది. మధ్యాహ్న విరామం మొదలు కావడానికి అప్పటికి ఇంకా మూడు వారాలుంది! తీరంలో ఇబ్బంది మరో రకం. ఉష్ణోగ్రత కాస్త తక్కువున్నా గాలిలో తేమ ఎక్కువ. చెమట పోస్తుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే పొరుగున ఉన్న ఖతార్ 2021లో గడియారంతో పాటు తేమనూ లెక్కలోకి తీసుకుంది. వేడి, తేమ, ఎండ తీవ్రత కలిపి చూసే సూచీ 32.1 డిగ్రీలు దాటితే అక్కడ ఏ వేళైనా బయటి పని ఆపాల్సిందే.

కిడ్నీలు మోసే భారం

ఎండలో బరువు పని చేసే ఒళ్లు గంటకు లీటరు చెమట పోయగలదు. ఆ నీటిని తిరిగి పొయ్యకపోతే రక్తం చిక్కబడుతుంది, కిడ్నీలకు అందే రక్తం తగ్గుతుంది. ఒక్కరోజు దెబ్బను ఒళ్లు సర్దుకుంటుంది. రోజూ తగిలితే అది పేరుకుంటుంది. పని ప్రదేశంలో వేడి కారణంగా 2.62 కోట్ల మంది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుతో బతుకుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా వేసింది.

తెలుగువాళ్లకు ఈ మాట కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య డయాలసిస్ మంచాలు ఎందుకు నిండుతున్నాయో వైద్యులు ఇంకా తేల్చలేదు. తాగే నీరు, ఎండలో చాకిరీ, పురుగుమందులు అన్నీ అనుమానితులే. 2023 డిసెంబరు 3న దుబాయి కాప్-28 సదస్సులో, వాతావరణ చర్చల చరిత్రలోనే మొదటిసారి, ఒక రోజంతా ఆరోగ్యానికి కేటాయించారు. అక్కడ వాతావరణం, ఆరోగ్యంపై వెలువడిన ప్రకటనకు వందకు పైగా దేశాలు మద్దతు పలికాయి. ఆ ఆరోగ్య దినం తర్వాత సరిగ్గా 11 రోజులకు పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఉద్దానం పల్లెలకు వంశధార నీళ్లు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. ఆ సదస్సుకూ ఈ పథకానికీ సంబంధం లేకపోవచ్చు. బాధ మాత్రం ఒక్కటే.

చలివేంద్రం ఒక్కటే చాలదు

ఎమిరేట్స్ వీధుల్లో మసీదుల దగ్గర, ఇళ్ల ప్రహరీలకు ఆనుకుని చల్లని నీళ్ల యంత్రాలుంటాయి. వాటిని ‘సబీల్’ అంటారు. దారినపోయే ఎవరైనా తాగొచ్చు. మన చలివేంద్రానికి అరబ్బు చుట్టం అది. డెలివరీ బైకుల వాళ్ల కోసం వేల సంఖ్యలో విశ్రాంతి స్థలాలూ ఏర్పాటయ్యాయి.

అయితే నీళ్లు దొరకడం వేరు, తాగే వీలు దొరకడం వేరు. పది అంతస్తుల పైన ఉన్నవాడికి మూత్రశాల కింద ఉంటే నీళ్లు తాగడమే తగ్గిస్తాడు. ఏజెంటు అప్పుకు మిత్తి కట్టాల్సినవాడు ఓటీ వదులుకోడు. కాబట్టి పావుగంటకోసారి గ్లాసుడు నీళ్లు తాగాలన్న సలహా ఫోర్‌మన్ ఒప్పుకుంటేనే పనికొస్తుంది. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు ఎండలో పని ఐదో వంతే ఇచ్చి, రోజుకింత పెంచమంటుంది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్. విమానం దిగిన వారానికే పూర్తి డ్యూటీ వేసే చోట ఈ సూత్రానికి విలువ ఎక్కడిది? వెళ్లేముందు గల్ఫ్ మెడికల్ పరీక్ష తప్పదు. తిరిగొచ్చినవాడికి కిడ్నీల పనితీరు చెప్పే ఒక్క క్రియాటినిన్ పరీక్ష మన మండల ఆసుపత్రిలో చేస్తే, దెబ్బ మొదట్లోనే తెలుస్తుంది.

అందాకా ఇంటివాళ్ల చేతిలో ఒక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. రాత్రి క్యాంపు నుంచి వీడియోకాల్ వస్తే అమ్మ ఎలాగూ “తిన్నవా బిడ్డా?” అని అడుగుతుంది. సిగ్గుపడకుండా ఇంకోటి అడగాలి: “ఒంటికి పోతే ఏ రంగుల వస్తున్నది?” చిక్కటి పసుపు అంటే ఆ పూట ఒంట్లో నీళ్లు చాల్లేదని. “తెల్లగనే ఉంది అమ్మా” అన్నాడంటే ఆ పూటకు బిడ్డ ఎండను గెలిచినట్టే.