మీకు తెలుసా? యారాడ ఇసుకలో కుక్క ముక్కుకే తెలిసే రహస్యం

విశాఖలోని సింధియా మీదుగా కొండెక్కి అవతలికి దిగితే యారాడ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. పెంపుడు కుక్కను వెంటబెట్టుకుని టెంటు వేసుకోవాలనుకునే విశాఖవాసికి కొండా కడలీ ఒక్కచోటే దొరుకుతాయి. డిసెంబరు చలి మొదలవగానే మనకు ఆ ఆలోచన వస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి రావడం మొదలవుతుందని మీకు తెలుసా?

ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక కాళ్లతో సుమారు అడుగున్నర లోతు గుంట తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూసుకోదు. ఆ గుడ్లను పొదిగేది ఇసుక వేడే. అందుకు 45 నుంచి 60 రోజులు పడుతుంది. వేడి ఎక్కువగా ఉంటే ఆడ పిల్లలు, తక్కువగా ఉంటే మగ పిల్లలు ఎక్కువగా పుడతాయి. ఆ గుంట మీదుగా మనం నడిచిపోయినా కనిపెట్టలేం. కుక్క మాత్రం వాసన పట్టి కాసేపట్లో తవ్విపారేస్తుంది. అందుకే విశాఖ తీరంలో అటవీ శాఖ ఏటా గుడ్లను సేకరించి, కంచె లోపల ఇసుకలో పూడ్చి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతుంది. కంచె దాకా చేరని గుడ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటాయి. ఊరకుక్కలే ఆ పని చేస్తాయి, మా టామీ అలాంటిది కాదు అనుకోవద్దు. తవ్వడం ఏ జాతి కుక్కకైనా పుట్టుకతో వచ్చిన గుణం. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది.

అమెరికా జాతీయ పార్కుల్లో కుక్కను కట్టే తాడు 6 అడుగులు మించకూడదని నియమం. యారాడలోనూ రాత్రికి అలాగే కట్టండి, లేదా టెంటు లోపలే పడుకోబెట్టండి. టెంటు మేకుకు కట్టొద్దు. ఇసుకలో దిగిన మేకు కుక్క ఒక్క గుంజు గుంజితే ఊడివస్తుంది. లైట్లు కూడా తగ్గించండి. గుడ్డులోంచి బయటపడిన తాబేలు పిల్ల వెలుతురు కనిపించిన వైపే పాకుతుంది. సముద్రం మీది వెలుగనుకుని మీ టెంటు వైపు వచ్చేస్తుంది.

ఇక కుక్క సంగతి. మనలా దానికి ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లలో కొద్దిగా పడుతుందంతే. నాలుక వేలాడేసి రొప్పుతూ నోటి తడి ఆవిరైతేనే దాని ఒళ్లు చల్లబడేది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ తడి తొందరగా ఆరదు. అందుకే చల్లని కొండ ఊరు లంబసింగిలో హాయిగా పరుగెత్తిన కుక్క ఇక్కడ త్వరగా అలిసిపోతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మరీ కష్టం. మూసేసిన టెంటులో మన ఊపిరి తేమ కూడా తోడవుతుంది, దోమతెర ఉంచి గుడ్డ తలుపు తెరిచిపెట్టండి. దాహంతో అది ఉప్పునీళ్లు తాగకముందే మంచినీళ్లు పెట్టండి. ఉప్పునీళ్లతో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంటికి బయల్దేరే ముందు చెవుల లోపల, వేళ్ల సందుల్లో వేలుపెట్టి వెతకండి. కొండవాలు గడ్డిలో తిరిగిన కుక్కకు పిడుదులు పట్టి ఉండవచ్చు. ఎర్లికియోసిస్ అనే ప్రాణాంతకమైన జ్వరాన్ని కుక్కలకు అంటించేవి పిడుదులే.