గాజు తొట్టిలో సముద్రము

సముద్రమున పుట్టిన చేపకు ఎవ్వరును ఇల్లు కట్టి యీయ నక్కఱలేదు. దాని మాలిన్యమును అపారమైన జలరాశి తనలో కలుపుకొనును. అలలు ప్రాణవాయువును నీటిలో చేర్చును. ఒకచోట నీరు చెడినచో చేప మఱియొక చోటికి ఈదిపోవును. అట్టి ప్రాణిని తెచ్చి ఇంటిలోని గాజు తొట్టిలో ఉంచినపుడు దానికి పోవుటకు దారి లేదు. అంతవఱకు సముద్రము చేసిన పనులన్నియు ఇక ఇంటి యజమానియే చేయవలెను. వానిలో మొదటిది తొట్టి పరిమాణమును నిర్ణయించుట. తక్కిన పొరపాట్లను తరువాత దిద్దుకొనవచ్చును. గాజు తొట్టిని సాగదీయుట సాధ్యము కాదు.

1853వ సంవత్సరమున లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకై అక్వేరియమును నెలకొల్పిరి. నేడు విద్యుత్తుతో నడచు పంపులు, దీపములు, నీటిని చల్లబఱచు యంత్రములు లభించుటచే ఇండ్లలో సైతము ఉప్పునీటి అక్వేరియములు వెలయుచున్నవి.

చిన్న తొట్టిని పోషించుట సులభమనియు, పెద్దదానిని పోషించుట కష్టమనియు తొలుత ఎవరికైనను తోచును. ఉప్పునీటి విషయమున ఇది చాలవఱకు తలక్రిందులు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టిలో 54 లీటర్ల నీరు పట్టును. ఈ మూడు కొలతలను రెట్టింపు చేసినచో 432 లీటర్లు పట్టును. కొలతలు రెట్టింపైనను నీరు ఎనిమిది రెట్లగును.

సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండును. ఎండకు నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. రెండు తొట్లలోను నీటిమట్టము ఒక్కొక్క సెంటీమీటరు తగ్గినదనుకొందము. చిన్న తొట్టిలో ఉప్పు లీటరునకు 36.2 గ్రాములకు పెరుగును, పెద్దదానిలో 35.6 గ్రాములకు మాత్రమే పెరుగును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా కట్టి చూడవచ్చును. తగ్గిన నీటికి బదులు మంచినీటినే పోయవలెను గాని ఉప్పునీటిని పోయరాదనుటకు కారణమును దీనివలన తెలియును.

మఱియొక ముఖ్య విషయము కలదు. చేపల విసర్జనము నుండియు, తినగా మిగిలిన మేత నుండియు అమ్మోనియా పుట్టును. రాళ్ళపైనను ఇసుకలోను నివసించు బాక్టీరియా దానిని నైట్రైటుగాను, పిమ్మట నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును చేపలకు విషములు. మూడవది అంత హానికరము కాదు. ఈ బాక్టీరియా తగినంతగా వృద్ధి పొందుటకు కొన్ని వారములు పట్టును. అంతకు ముందే చేపలను విడిచినచో అవి బ్రతుకుట కష్టము. ఒక చేప రాతిచాటున చచ్చి, ఎవరి కంటను పడకుండ క్రుళ్ళినదనుకొందము. ఆ విషము 432 లీటర్లలో వ్యాపించుటకును, 54 లీటర్లలో వ్యాపించుటకును ఎంతో భేదము కలదు. చిన్న తొట్టిలో యజమాని గుర్తించు లోపలనే తక్కిన చేపలు కూడ చచ్చిపోవచ్చును. పెద్ద తొట్టి వానికి కొంత వ్యవధి నిచ్చును. పెద్ద తొట్టివలని ప్రధాన ప్రయోజనము ఇదియే.

నీరు ఎంత పట్టునో చూచినంతనే చాలదు. తొట్టి ఆకారమును కూడ చూడవలెను. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు గల తొట్టి యొకటి. 80 పొడవు, 60 వెడల్పు, 90 ఎత్తు గల తొట్టి యొకటి. రెండింటను పట్టునది 432 లీటర్లే. కాని మొదటిదానిలో గాలి తగులు నీటి వైశాల్యము 7,200 చదరపు సెంటీమీటర్లు. రెండవదానిలో 4,800 మాత్రమే. ప్రాణవాయువు ముఖ్యముగా ఆ పైభాగము నుండియే నీటిలో చేరును. ఎత్తు పెరిగిన కొలదియు అడుగున పీడనము పెరుగును గనుక గాజు మందముగా ఉండవలెను. పై నుండి వచ్చు వెలుతురు అడుగునకు చేరునప్పటికి సన్నగిల్లును. శుభ్రము చేయువాని చేయి 90 సెంటీమీటర్ల లోతున అడుగును అందుకొనజాలదు. కావున ఎత్తుకంటె పొడవు వెడల్పులే మేలు.

తరువాత చూడవలసినవి చేపలు. అంగడిలో అమ్ముడగు చేపలు తఱచుగా పిల్లలు. క్లౌను చేప ఎదిగిన పిమ్మటను సుమారు పది సెంటీమీటర్లే యుండి, సాధారణముగా ఒకే తావును అంటిపెట్టుకొని బ్రతుకును. పసుపుపచ్చని ఎల్లో టాంగు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగి దినమంతయు ఈదుచుండును. నీలివన్నె గల బ్లూ టాంగు 30 సెంటీమీటర్ల వఱకు పెరుగగలదు. అట్టిదానిని 60 సెంటీమీటర్ల తొట్టిలో ఉంచినచో అది తన శరీరమునకు రెండింతలు మాత్రమే యున్న చెఱసాలలో బ్రతుకవలసి వచ్చును. కావున కొన్ననాటి చేపను గాక, ఎదిగిన నాటి చేపను తలచుకొని తొట్టిని ఎన్నుకొనవలెను.

అట్లని తొట్టి ఎంత పెద్దదైన అంత మంచిదనుటయు సరికాదు. 432 లీటర్ల సముద్రజలము సుమారు 443 కిలోగ్రాములు తూగును. గాజు, రాళ్ళు, ఇసుక, బల్ల కలిసినచో బరువు 600 కిలోగ్రాములు దాటును. పదిమంది పెద్దవారు చదరపు మీటరుకంటె తక్కువ చోటున రేయింబవళ్ళు కదలక నిలిచియున్నట్లే యగును. మన దేశమున నివాసగృహములలోని గదులకు చదరపు మీటరునకు సుమారు 200 కిలోగ్రాముల వాడుక బరువును లెక్కించి అంతస్తులను నిర్మింతురు. కావున మేడపై పెద్ద తొట్టిని నిలుపువారు దూలమెక్కడ నున్నదో, అంతస్తు ఎంత బరువు మోయగలదో ఇంజనీరు నడిగి తెలిసికొనవలెను.

పోషించువాని శక్తియు ముఖ్యమే. రెండు వారముల కొకసారి పదవవంతు నీటిని మార్చవలె నన్నచో 43 లీటర్లు, అనగా మూడు బకెట్ల నీరు మోయవలెను. అందులో కలుపుటకు ఒకటిన్నర కిలోగ్రాముల ఉప్పు కావలెను. అది వంటయింటి ఉప్పు కాదు. సముద్రజలమందలి కాల్షియము, మెగ్నీషియము మొదలగు లవణములు గల ప్రత్యేకమైన మిశ్రమము. పగడపు దిబ్బల చేపలకు 25 మొదలు 27 డిగ్రీల వేడి తగినది. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ప్రాంతములలో నీటిని చల్లబఱచుట తప్పదు. తొట్టి పెరిగినకొలదియు యంత్రమును, విద్యుత్తు ఖర్చును పెరుగును. విద్యుత్తు ఆగినపుడు పంపును నడుపుటకు మఱియొక ఏర్పాటు ఉండవలెను.

కావున మొదట పెంచదలచిన చేపలను నిర్ణయించి, అవి ఎదిగినచో ఎంతగునో తెలిసికొనవలెను. పిమ్మట ఇంటి నేలను, తరువాత తన ఓపికను, ఆదాయమును కొలుచుకొనవలెను. ఈ హద్దులు దాటని తొట్లలో పెద్దదానిని ఎన్నుకొనుట యుక్తము. ఇల్లు అంత బరువును మోయలేనిచో, చేపను ఇఱుకు తొట్టిలో బంధింపక, చిన్న తొట్టికి తగిన చిన్న చేపలనే కోరుకొనవలెను. నోరులేని ప్రాణి తన కష్టమును చెప్పుకొనలేదు. దానిని ఇంటికి తెచ్చుటకు ముందే దాని పక్షమున ఆలోచించుట తెచ్చువాని ధర్మము.