గోదాము మాత్ర, చిప్పుల సిలిండరు: గ్యాసు ఒక్కటే

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో కందులు, శనగలు నిల్వచేసే వర్తకులకు అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్ర కొత్త కాదు. 3 గ్రాముల మాత్రకు గాలిలోని తేమ తగిలితే సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్ గ్యాసు వెలువడుతుంది. పురుగును చంపేది అదే. సెమీకండక్టర్ కర్మాగారాలలో సిలికాన్‌కు భాస్వరం చేర్చడానికి వాడేదీ అదే.

తేడా అంతా నిల్వలో ఉన్నది. మామూలు ఉక్కు సిలిండరులో గ్యాసును ఒత్తిడితో నింపుతారు. వాల్వు చెడితే బయటకు చిమ్ముతుంది. 1990 దశకంలో వాడుకలోకి వచ్చిన సిలిండర్లలో బొగ్గువంటి పదార్థం గ్యాసును పట్టి ఉంచుతుంది. లోపలి ఒత్తిడి బయటి గాలికంటె తక్కువ కావున, వాల్వు తెరచుకున్నా ముందు గాలే లోపలికి పోతుంది. పైగా సిలిండరును గాలి లాగే బీరువాలో ఉంచి, లీకును పసిగట్టే పరికరం అమరుస్తారు.

2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు ఆమోదించిన యూనిట్ చిప్పుల ప్యాకేజింగుకు సంబంధించినది. సిలికాన్‌కు భాస్వరం చేర్చే పని అందులోది కాదు. కనుక మన వర్తకునికి ఫాస్ఫీన్ ప్రమాదం సొంత గోదాములోనే ఎక్కువ.

గోదాములో ఆ బీరువా లేదు. ఉన్నవి పట్టా, తాళం మాత్రమే. గాలిలో 10 లక్షల పాళ్లకు 50 పాళ్లు ఫాస్ఫీన్ ఉంటే ప్రాణాపాయమే. వాసన రాలేదని ధైర్యపడరాదు. మాత్రలు పెట్టే పని అనుమతి గల నిపుణులకే అప్పగించాలి. ఆ గోదాములో గాని, దానిని ఆనుకొన్న గదిలో గాని హమాలీలను పడుకోనివ్వరాదు. తలుపులు తీసి, గాలి ఆడించి, పరికరంతో కొలిచిన తరువాతే బస్తా కదపాలి.

ధర పెరిగిన రోజున తాళం తీయడానికి తొందర సహజమే. ఆ తొందరకు మూల్యం చెల్లించేది ముందుగా లోపలికి వెళ్లే హమాలీ.