వెలుగు తగిలించిన విటమిన్

రెడ్డిగూడెంలో గానీ జగ్గయ్యపేటలో గానీ ఆశా కార్యకర్త గర్భిణి చేతికిచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. కొత్త కణాలు పుట్టాలంటే ఆ విటమిన్ కావాలి. క్యాన్సర్ కణానికీ కావాలి. దాని ఆకలి మరీ ఎక్కువ. అండాశయ క్యాన్సర్ కణాలు చాలావరకు ఫోలేటును ఒడిసిపట్టే గ్రాహకాలను ఒంటినిండా మొలిపించుకుంటాయి.

ఆ ఆకలే వాటిని పట్టిస్తోంది.

ఆపరేషన్ బల్ల మీద పెద్ద గడ్డ ఎక్కడికీ పోదు. కడుపు పొరల మీద ఆవగింజల్లా చెదిరిన తునకలే సర్జన్ కంటికీ వేలికీ చిక్కవు. అందుకే ఫోలేటును పోలిన అణువుకు ఒక రంగుపదార్థాన్ని జోడించారు. మొదటిది కణాన్ని గుర్తుపడుతుంది, రెండోది ఒక కాంతిని మింగి మరో కాంతిని వెలువరిస్తుంది. 2011లో నెదర్లాండ్స్ వైద్యులు ఆకుపచ్చగా వెలిగే రంగుతో మనుషుల్లో చేసి చూశారు. కానీ ఆ కాంతి కండలో లోతుకు పోదు. 2021 నవంబరులో అమెరికాలో అనుమతి పొందిన, ఇలాంటిదే అయిన పాఫోలాసయనిన్ అనే మందు పరారుణానికి దగ్గరి కాంతిలో వెలుగుతుంది. దాన్ని కెమెరా తెర మీదే చూడాలి. పరీక్షల్లో నలుగురిలో ఒకరికి పైగా రోగుల్లో, మామూలుగా తప్పిపోయే తునక కనీసం ఒకటి దొరికింది. వెలిగిందల్లా క్యాన్సరూ కాదు, ఆ తేడా తేల్చాల్సింది పాథాలజిస్టే.

ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. 1895లో భీమవరంలో పుట్టిన ఆయనకు అణువులను రంగుతో పట్టడం పాత విద్యే. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, నీలిరంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది వెలుగు కాదు, ఉత్త రంగే. అయినా ఆ దారినే 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు దాకా వెళ్లారు.

లెడర్లీ నుంచే 1948లో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. వీటికి వేరే రంగు తగిలించే పనే లేదు. కాల్షియాన్ని పట్టుకుని కొత్తగా పేరుకునే ఎముకలో చేరిపోయి, అతినీలలోహిత కాంతిలో పసుప్పచ్చగా మెరుస్తాయి. చిన్నపిల్లల పళ్లకు గారపట్టినట్టు రంగు తెప్పించే దోషమూ ఈ కాల్షియం పట్టు వల్లే. ఎముకల వైద్యులు మాత్రం దాన్ని పనికి పెట్టారు. కొన్నాళ్ల విరామంతో రెండు విడతలుగా మాత్రలిచ్చి, తుంటి ఎముక ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే రెండు వెలుగు గీతలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే ఎముక రోజుకు ఎంత పెరుగుతోందో తేలిపోతుంది.