శాశ్వత నివాసానికి టీకాల షరతు: అమెరికా వలస చట్టం నుంచి ఒక అధ్యయనం

పరిచయం

వలస చట్టాలను చదివేటప్పుడు మనం ఉద్యోగం, బంధుత్వం, కోటా, నేరచరిత్ర వంటి అంశాల మీదే దృష్టి పెడతాం. వలసదారుని శరీరం కూడా ఆ చట్టాల పరిధిలోకి వస్తుందనే సంగతిని అంతగా పట్టించుకోం. తన గడ్డ మీద స్థిరపడాలనుకునే వ్యక్తి నుంచి ఒక రాజ్యం ఏయే టీకాలు కోరవచ్చు? ఏ ప్రాతిపదిక మీద కోరవచ్చు? ఆ జాబితాను ఎవరు తయారుచేయాలి? ఈ ప్రశ్నలను అమెరికా ఉదాహరణతో ఈ పాఠంలో పరిశీలిద్దాం. అక్కడ టీకాలు శాశ్వత నివాసానికి, అంటే మనం వాడుకగా గ్రీన్ కార్డు అనే దానికి, చట్టబద్ధమైన షరతు. ఆ ప్రక్రియలో ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి మీలో కొందరికి ఇది ఇంటి విషయం కూడా కావచ్చు.

ఒక ఊహాజనిత ఉదాహరణతో మొదలుపెడదాం. 1984లో కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఒక ఇంజనీరు 2010లో హెచ్-1బి వీసా మీద డాలస్ వెళ్లాడనుకుందాం. వీసా ఇచ్చినప్పుడు ఎవరూ ఆయన టీకాల సంగతి అడగలేదు. విమానాశ్రయంలో అడగలేదు. వీసా పొడిగించిన ప్రతిసారీ కాగితాలు చూశారు గాని, ఆ ప్రశ్న మాత్రం రాలేదు. ఏళ్ల తరబడి ఆయన అక్కడే ఉద్యోగం చేశాడు, పన్నులు కట్టాడు, రద్దీ దుకాణాలలో తిరిగాడు. చివరికి గ్రీన్ కార్డు కోసం ఐ-485 దరఖాస్తు పెట్టే రోజు వచ్చింది. తట్టు టీకా వేయించుకున్నట్టు రుజువు ఉందా అని వలస శాఖ అప్పుడు తొలిసారి అడిగింది.

అంటువ్యాధి దేశంలోకి రాకుండా ఆపడమే ఈ నియమం ఉద్దేశమైతే, అడగవలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది. ఈ పాఠంలో మనం తేల్చుకోవలసిన చిక్కు ఇదే.

చట్టం ఏం చెబుతోంది?

వలసదారులకు వైద్య పరీక్ష అమెరికాలో కొత్తది కాదు. 1891 నాటి వలస చట్టం ప్రమాదకరమైన అంటురోగాలు ఉన్నవారి ప్రవేశాన్ని నిషేధించింది. మరుసటి ఏడు న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ద్వీపం కేంద్రం తెరుచుకున్నాక ఓడ దిగిన మూడో తరగతి ప్రయాణికులు వైద్యుల ముందు వరుసలో నడిచేవారు. అక్కడ వెతికింది ఒంట్లో అప్పటికే ఉన్న జబ్బు కోసం.

1996లో చేసిన వలస సంస్కరణ చట్టం దీనికి భిన్నమైన ఆలోచనను తెచ్చింది. జబ్బు లేకపోయినా, జబ్బు రాకుండా రక్షణ పొందినట్టు రుజువు చూపలేని వ్యక్తి శాశ్వత నివాసానికి అనర్హుడు అన్నది. గవదబిళ్ళలు, తట్టు, రుబెల్లా, పోలియో, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, హిబ్, హెపటైటిస్-బి అనే వ్యాధుల పేర్లను చట్టమే పేర్కొంది. వీటికి తోడు టీకాల సలహా సంఘం, అంటే ఎ.సి.ఐ.పి., సిఫారసు చేసే ఇతర టీకాలు కూడా వర్తిస్తాయని ఒక వాక్యం చేర్చింది. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి, తరువాత వచ్చిన గొడవంతా దీని నుంచే పుట్టింది. (చట్టంలో 'ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి' అని ఉంటుంది. అది ఫ్లూ జ్వరం కాదు, హిబ్ బ్యాక్టీరియా అని ఆచరణలో అన్వయించుకుంటున్నారు. చట్టసభలు వైద్యం రాసినప్పుడు ఇటువంటివి జరుగుతుంటాయి.)

ఈ షరతు వర్తించేది శాశ్వతంగా ఉండబోయేవారికే. పర్యాటకులకు, విద్యార్థులకు, తాత్కాలిక ఉద్యోగులకు లేదు. శరణార్థులకు ప్రవేశ సమయంలో లేదు, ఏడాది తరువాత శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకున్నప్పుడు మాత్రం ఉంటుంది. దీనిని బట్టి పైన చెప్పిన చిక్కుకు సమాధానం కొంత దొరుకుతుంది. ఇది సరిహద్దు కాపలా కాదు, సభ్యత్వ షరతు. 'నువ్వు ఇక మా సమాజంలో ఒకడివి, మా సమాజం పాటించే ఆరోగ్య క్రమంలో చేరు' అనేది దీని తర్కం. తట్టు విషయంలో చూడండి. అమెరికాలో తట్టు నిర్మూలన అయిందని 2000లో ప్రకటించారు. ఆ తరువాత బయటి నుంచి వచ్చిన కేసులలో ఎక్కువ భాగం, విదేశాలకు వెళ్లి తిరిగి వచ్చిన, టీకా వేయించుకోని అమెరికా వాసులవే. గ్రీన్ కార్డు దరఖాస్తు ఆ దారికి అడ్డుకట్ట వేయలేదు.

పరీక్ష ఎలా జరుగుతుంది?

అమెరికాలో ఉండి దరఖాస్తు చేసుకునేవారు 'సివిల్ సర్జన్' దగ్గరకు వెళ్లాలి. ఈ మాట మన విద్యార్థులను తికమక పెడుతుంది. మన దగ్గర సివిల్ సర్జన్ అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక హోదా. అక్కడ మాత్రం పౌరసత్వ, వలస సేవల సంస్థ గుర్తింపు పొందిన వైద్యుడని అర్థం. చాలామంది సొంత క్లినిక్కులు నడుపుకునేవారే. వారి ఫీజును ప్రభుత్వం నిర్ణయించదు కాబట్టి ఒక్కొక్కరిది ఒక్కొక్క రేటు. పరీక్ష ఫలితాలను ఐ-693 ఫారంలో నింపి, కవరులో పెట్టి సీలు వేసి ఇస్తారు. దానిని విప్పకుండా సమర్పించాలి. 2024 డిసెంబరు నుంచి దీనిని ఐ-485 దరఖాస్తుతో పాటే జతచేయాలి. ఇండియా నుంచి వలస వీసా మీద వెళ్లేవారికి, ఉదాహరణకు పౌరులైన పిల్లలు పిలిపించుకునే తల్లిదండ్రులకు, ఇదే పనిని అమెరికా దౌత్య కార్యాలయం నియమించిన ప్యానెల్ వైద్యులు ఇక్కడే చేస్తారు.

అన్ని టీకాలూ అందరికీ అవసరం లేదు. 'వయసుకు తగినవి' మాత్రమే చూస్తారు. 1957కు ముందు పుట్టినవారిని తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా అడగరు. ఆ రోజులలో ఆ జబ్బులు దాదాపు అందరికీ సోకి ఉంటాయనే లెక్క. రోటావైరస్ నెలల పిల్లలకే. ఫ్లూ టీకా ఆ సీజనులోనే. గర్భిణికి తట్టు, ఆటలమ్మ టీకాలు వేయకూడదు, కాబట్టి అడగరు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. కోర్సు పూర్తికానక్కరలేదు. హెపటైటిస్-బికి సాధారణంగా ఆరు నెలల వ్యవధిలో మూడు డోసులు వేస్తారు. దరఖాస్తుదారు పరీక్షనాటికి ఒక డోసు వేయించుకుని, తరువాతి డోసుకు గడువు రాకపోతే, ఆ మేరకు సరిపోతుంది. మిగిలిన డోసులు వేయించుకున్నాడా లేదా అని ఆ తరువాత వలస శాఖ వెంటపడదు. నా దృష్టిలో ఇది ఈ చట్టంలోని బలహీనత. వ్యాధి నిరోధక శక్తి సాధించడం లక్ష్యమని చెబుతూ, ఆచరణలో అది కోరేది ఆ దారిలో ఒక అడుగును, దానికి ఒక సంతకాన్ని.

మన కార్డులు, వారి జాబితా

ఇక్కడ మన దేశపు టీకాల చరిత్ర అవసరమవుతుంది. సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో కొన్ని జిల్లాలలో మొదలై 1990 నాటికి దేశమంతటా విస్తరించింది. కరీంనగర్ ఇంజనీరు 1984లో పుట్టాడు. తట్టు టీకా ఆయన ఊరికి సకాలంలో చేరి ఉండకపోవచ్చు. చేరినా, కార్డు దాచిన ఇళ్లు తక్కువ. 'చిన్నప్పుడు అన్నీ వేయించాం' అని తల్లి చెప్పే మాట నిజమే కావచ్చు, కానీ తేదీలు ఉన్న రాతపూర్వకమైన రికార్డు లేకుండా వైద్యుడు దానిని నమోదు చేయడు. హెపటైటిస్-బి సంగతి మరీ తరువాతిది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 'శాన్‌వాక్-బి' తెచ్చేవరకు మన దగ్గర దొరికింది ఖరీదైన దిగుమతి టీకాయే.

కార్డు ఉన్న పిల్లల విషయంలోనూ ఇబ్బందులు రెండు. మన ప్రభుత్వ కార్యక్రమంలో 2017 నుంచి తట్టు-రుబెల్లా టీకా ఇస్తున్నారు. అందులో గవదబిళ్ళల భాగం లేదు. అమెరికా జాబితాలో గవదబిళ్ళలు ఉన్నాయి కాబట్టి ఆ పిల్లవాడికి మూడూ కలిసిన ఎం.ఎం.ఆర్. మళ్లీ వేయాలి. రెండవది పోలియో చుక్కలు. 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా చుక్కల మందు నుంచి రెండవ రకం వైరస్‌ను తొలగించారు. ఆ రకం సహజ వైరస్ నిర్మూలన అయిందని అంతకుముందు ఏడాది ధ్రువీకరించడమే కారణం. అమెరికా లెక్క ప్రకారం మూడు రకాలకూ రక్షణ ఉండాలి, కాబట్టి ఆ నెల నుంచి వేసిన చుక్కలను పరిగణించరు. పల్స్ పోలియో బూత్‌లో ఎన్నిసార్లు వేలికి సిరా గుర్తు పెట్టించుకున్నా ప్రయోజనం లేదు. ఇంజెక్షన్ రూపంలో ఇచ్చిన పోలియో డోసులు కార్డులో తేదీలతో విడిగా కనిపించాలి.

ఆటలమ్మ విషయంలో మన అలవాటే అడ్డొస్తుంది. 'అమ్మవారు పోసింది' అని వేపాకులు కట్టి ఇంట్లోనే ఉంచుతారు, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లరు. కాబట్టి కాగితం ఉండదు. ఇటువంటి సందర్భాలలో రక్తపరీక్ష ద్వారా నిరోధక శక్తి ఉందని చూపవచ్చు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా, హెపటైటిస్-బి విషయంలోనూ ఈ మార్గం ఉంది. ఇక భుజం మీద బి.సి.జి. మచ్చ చూపించి క్షయ టీకా అయిందని చెప్పేవారు ఉన్నారు. బి.సి.జి. ఆ జాబితాలోనే లేదు. క్షయకు విడిగా రక్తపరీక్ష చేస్తారు, దాని ఫలితాన్ని బి.సి.జి. ప్రభావితం చేయదు.

అభ్యాసం: మీ ఇంట్లో మూడు తరాలవారు వేయించుకున్న టీకాల పేర్లు రాయండి. వాటిలో ఎన్నింటికి తేదీతో కూడిన కాగితం ఉంది? ఎన్ని జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి?

గార్డసిల్ వివాదం

'సలహా సంఘం సిఫారసు చేసే ఇతర టీకాలు' అనే వాక్యం దగ్గరకు తిరిగి వద్దాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్.పి.వి. వైరస్‌కు గార్డసిల్ అనే టీకా 2006లో వచ్చింది. సలహా సంఘం దానిని 11 నుంచి 26 ఏళ్ల ఆడపిల్లలకు, యువతులకు సిఫారసు చేసింది. ఆ సంఘం సభ్యులు వలసల గురించి ఆలోచించలేదు. వారి పని దేశంలోని వైద్యులకు సలహా చెప్పడం. కానీ చట్టంలోని ఆ వాక్యం వల్ల 2008లో ఆ సలహా వలస మహిళలకు ఆదేశంగా మారిపోయింది. అదే వయసు అమెరికా యువతి ఆ టీకా వద్దనుకోవచ్చు, పక్కింటి వలస యువతి వద్దంటే గ్రీన్ కార్డు రాదు. మూడు డోసులకు అప్పట్లో సుమారు 360 డాలర్లు. పైగా ఆ వైరస్ దగ్గు, తుమ్ముల ద్వారా తరగతి గదిలో వ్యాపించేది కాదు.

మహిళా సంఘాలు, వలసదారుల హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. టీకా మంచిది కాదని కాదు, బలవంతం ఒక వర్గానికే ఎందుకని. వ్యాధి నియంత్రణ సంస్థ (సి.డి.సి.) తన విధానాన్ని పునఃపరిశీలించి 2009 డిసెంబరు 14 నుంచి కొత్త ప్రమాణాలు అమలుచేసింది. సిఫారసు ఒక్కటే చాలదు. ఆ టీకా దరఖాస్తుదారు వయసుకు తగినది కావాలి, పైగా ఆ వ్యాధి ఒక్కసారిగా ప్రబలగలది గాని, అమెరికాలో నిర్మూలన అయినది లేదా అవుతున్నది గాని అయి ఉండాలి. ఈ ప్రమాణానికి హెచ్.పి.వి. నిలవలేదు. వృద్ధులకు వేసే సర్పి టీకా కూడా తొలగింది. 2021 అక్టోబరు 1న ఇవే ప్రమాణాల కింద కోవిడ్ టీకా జాబితాలో చేరింది. 2025 జనవరి 22న పౌరసత్వ, వలస సేవల సంస్థ దాని రుజువు అడగడం మానేసింది.

మినహాయింపులు, బలవంతపు హద్దులు

వైద్య కారణాలతో ఇచ్చే మినహాయింపులు సులభమైనవి. ధనుర్వాతం టీకాకు తీవ్రమైన అలర్జీ ఉన్నవారికి వైద్యుడు ఫారంలో రాస్తే చాలు. మత విశ్వాసం లేదా నైతిక నమ్మకం కారణంగా కోరేది కష్టం. ఐ-601 దరఖాస్తు పెట్టి, అభ్యంతరం అన్ని టీకాలకూ వర్తిస్తుందని, అది నిజాయితీగా నమ్మిన విశ్వాసమని చూపాలి. ఒక టీకా కావాలి, మరొకటి వద్దు అంటే ఈ మినహాయింపు చెల్లదు.

రాజ్యం టీకాను బలవంతం చేయవచ్చా అనే ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు 1905లోనే జవాబిచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి పట్టణంలో మశూచి వ్యాపించినప్పుడు హెన్నింగ్ జాకబ్‌సన్ అనే పాస్టరు టీకా నిరాకరించి 5 డాలర్ల జరిమానాకు గురయ్యాడు. ఆయన స్వీడన్ నుంచి వచ్చిన వలసదారు. ప్రజారోగ్యం కోసం రాష్ట్రం అటువంటి నియమం చేయవచ్చని కోర్టు తేల్చింది. అయితే జాకబ్‌సన్ కోల్పోయింది 5 డాలర్లే, నివాస హక్కు కాదు. పైగా ఆ నియమం పట్టణంలోని పెద్దలందరికీ ఒకటే. గ్రీన్ కార్డు షరతు ఓటు హక్కు లేనివారికి మాత్రమే, నిరాకరిస్తే పోయేది బతుకు తెరువు. కెనడా కూడా శాశ్వత నివాసానికి వైద్య పరీక్ష చేస్తుంది గాని, టీకాల జాబితాను అర్హత షరతుగా పెట్టలేదు.

నా అభిప్రాయం అడిగితే, టీకాలు వేయించుకోవడం మంచిదే, నేను ఎవరికైనా అదే చెబుతాను. ప్రశ్న టీకా గురించి కాదు, జాబితా రాసే కలం ఎవరి చేతిలో ఉందనే దాని గురించి. 2025 జూన్‌లో అమెరికా ఆరోగ్య మంత్రి సలహా సంఘంలోని 17 మంది సభ్యులనూ ఒకేసారి తొలగించి కొత్తవారిని నియమించారు. సంఘం సిఫారసులు మారితే జాబితాలోని కొన్ని టీకాలు మారవచ్చు. కానీ చట్టం 1996లో పేరు పెట్టి రాసిన వ్యాధులు అలా మారవు. రేపు అమెరికా పౌరుల పిల్లలకు హెపటైటిస్-బి సిఫారసును సడలించినా, ఆ పేరు వలస చట్టంలో అలాగే ఉంటుంది. దానిని తీసివేయగలిగేది కాంగ్రెస్ మాత్రమే.