ఫ్లాష్ వెలగట్లేదా? ముందు టార్చి నొక్కి చూడండి

దరఖాస్తుకి ఈ రాత్రే ఆఖరు. బయట గాలివాన, సోంపేట మొత్తం చీకటి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తే పనైపోతుంది. కెమెరా తెరిచి నొక్కారు. ఫ్లాష్ రాలేదు. మళ్లీ నొక్కారు. రాలేదు.

ఇలాంటప్పుడు మనలో చాలామంది చేసేవి రెండే పనులు. ఫోన్‌ని అరచేతిలో నాలుగు తట్లు తట్టడం ఒకటి. మర్నాడు బజార్లో షాపుకెళ్లి ‘అన్నా, ఫ్లాష్ పోయింది, ఎంతవుతుంది?’ అని అడగడం రెండోది. ఈ రెండోదే ఖరీదైన పని. జబ్బు పేరు మీరే చెప్పేశాక అవతలివాళ్లు ఇంక పరీక్షించేదేముంటుంది? రేటు చెబుతారంతే. నిజానికి ‘ఫ్లాష్ పోయింది’ అనుకునే ఫోన్లలో పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే బాగయ్యేవి చాలా ఉంటాయి. ఏది ఇంట్లో తేలుతుంది, దేనికి షాపు గడప తొక్కాలి అన్నది తెలుసుకుంటే చాలు.

మన ప్రాంతంలో దీన్ని చిన్న విషయం అనుకోవడానికీ లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ వరసపెట్టి కూలిపోయాయి. ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రి తోటలోంచి నడిచి ఇంటికి చేరాలంటే చేతిలో ఉన్న ఫోనే దీపం. ఆ దీపం, మీ కెమెరా ఫ్లాష్ వేర్వేరు కావు.

ఒకటే బల్బు

కెమెరా పక్కన కనిపించే చిన్న పసుపు చుక్కే ఫ్లాష్. టార్చి కూడా అదే. టార్చిగా వాడినప్పుడు తక్కువ కరెంటుతో నిలకడగా వెలుగుతుంది. ఫ్లాష్‌గా అయితే కన్నుమూసి తెరిచేలోపు చాలా ఎక్కువ కరెంటు లాగి ఆరిపోతుంది. (ఆ పసుపు రంగు చూసి ‘కాలిపోయిందేమో’ అని కంగారుపడకండి. తెల్లటి ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్పు, దానిమీద పసుపు ఫాస్ఫర్ పూత. రెండు వెలుగులూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. జీకే పేపర్లో అడిగితే గుర్తుంచుకోండి.)

అందుకే మొదటి పరీక్ష ఇది: స్క్రీన్ పైనుంచి కిందికి లాగి టార్చి నొక్కండి. జవాబు మూడు రకాలుగా రావచ్చు.

టార్చి మామూలుగా వెలిగితే బల్బూ, దానికి కరెంటిచ్చే చిప్పూ, మధ్యలో తీగా దాదాపు బాగున్నట్టే. లోపం కెమెరా యాప్‌లోనో, సెట్టింగుల్లోనో, బ్యాటరీలోనో ఉంది. ఈ స్థితిలో ఎవరైనా ‘ఫ్లాష్ మార్చాలి’ అంటే ఒప్పుకోకండి.

టార్చి గుర్తు బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే వేరే యాప్ ఏదో కెమెరాని పట్టుకుని కూర్చుంది. వీడియో కాల్, స్కానర్, క్యూఆర్ యాప్ లాంటివి వెనకాల తెరిచి ఉన్నాయేమో చూసి మూసేయండి. ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఎక్కువసార్లు ఇంతటితో కథ ముగుస్తుంది.

ఆన్ అయినట్టు చూపిస్తూ వెలుగు మాత్రం రాకపోతే, అప్పుడు హార్డ్‌వేర్ మీద అనుమానపడాలి.

వెలిగేదే, కానీ ఫొటోలో రావట్లేదు

కెమెరా తెరిచి మెరుపు గుర్తు చూడండి. దాని పక్కన చిన్న ‘ఎ’ అక్షరం ఉంటే అది ఆటో. వెలుతురు సరిపోతుందని ఫోన్‌కి అనిపిస్తే ఫ్లాష్ వెయ్యదు. దాన్ని ‘ఆన్’లో పెట్టి తీయండి. గుర్తే కనబడకపోతే మీరు నైట్ మోడ్‌లోనో, హెచ్‌డీఆర్‌లోనో, వరస షాట్లు తీసే బరస్ట్‌లోనో ఉండొచ్చు. ఇవన్నీ ఒకే దృశ్యాన్ని పలుసార్లు తీసి కలుపుతాయి, లేదా వేగంగా తీస్తాయి. అందుకని చాలా ఫోన్లు అప్పుడు ఫ్లాష్‌ని పక్కన పెట్టేస్తాయి. సెల్ఫీ కెమెరాకైతే చాలా మోడళ్లలో విడిగా బల్బే ఉండదు, స్క్రీనే తెల్లగా మెరుస్తుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నా రాకపోతే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో కెమెరా, అందులో స్టోరేజ్‌కి వెళ్లి క్యాష్, డేటా క్లియర్ చేయండి. గ్యాలరీలో ఫొటోలు పోవు, కెమెరా సెట్టింగులు మాత్రం మొదటికొస్తాయి. తర్వాత సేఫ్ మోడ్. పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ని అలాగే నొక్కి పట్టుకుంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు సేఫ్ మోడ్ అడుగుతాయి. అందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అక్కడ ఫ్లాష్ వచ్చిందంటే దొంగ మీరు ఇన్‌స్టాల్ చేసిన యాప్‌లలోనే ఉన్నాడు. ఈమధ్య వేసుకున్నవి ఒక్కొక్కటీ తీసేస్తూ చూడండి.

ఎవరి ఫోన్లోనైనా విడిగా టార్చి యాప్ ఉంటే ముందు దాన్ని తీసేయండి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి టార్చి కోసం ఏ యాపూ కెమెరా మొత్తాన్ని తెరవాల్సిన పని లేదు, ఫోన్లోనే బటన్ ఉంది. అంతకు ముందు సంగతి అడగొద్దు. ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ అనే యాప్ కోట్లమంది ఫోన్లలో ఉండేది. అది వాడుకరులు ఎక్కడున్నారో ప్రకటనల కంపెనీలకి చేరవేస్తోందని 2013 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. దీపం పెట్టడానికి మీ ఊరి పేరెందుకు దానికి?

బ్యాటరీ చెప్పే అబద్ధం

కరెంటు పోయిన రాత్రుల్లో ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. చార్జింగ్ బాగా తగ్గాక చాలా ఫోన్లు కెమెరా ఫ్లాష్‌ని తామే ఆపేస్తాయి. కారణం సూటిగానే ఉంది. ఫ్లాష్ డ్రైవర్ చిప్పులు లాగే కరెంటు తక్కువేమీ కాదు. ఉదాహరణకి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎల్‌ఎం3644 రెండు ఎల్‌ఈడీలకి తలా 1.5 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. నీరసంగా ఉన్న బ్యాటరీ నుంచి ఒక్కసారిగా అంత లాగితే వోల్టేజీ పడిపోయి ఫోనే ఆగిపోతుంది. అలా ఆగిపోకుండా ఫ్లాష్‌కి తాళం వేస్తుంది ఫోన్. చార్జింగ్ పెట్టి, బ్యాటరీ సేవర్ తీసేసి మళ్లీ చూడండి.

ఇంకో లక్షణం ఉంది. చార్జింగ్ ముప్పై శాతం చూపిస్తున్నా ఫ్లాష్ కొట్టగానే ఫోన్ టప్పున ఆరిపోతోందనుకోండి. అది ఫ్లాష్ జబ్బు కాదు. బ్యాటరీ ముసలిదైంది, లోపలి నిరోధకత పెరిగింది. మార్చాల్సింది బ్యాటరీ.

వేడి కూడా అంతే. మే నెల ఎండలో హాట్‌స్పాట్ పెట్టుకుని వీడియో చూసి, వెంటనే టార్చి నొక్కితే ‘ఫోన్ వేడిగా ఉంది’ అనొచ్చు. కవరు తీసి నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, లోపల తేమ పడుతుంది.

వెలుగుతోంది, ఫొటో మాత్రం పాలపొగలా ఉంది

దీనికి సాధారణంగా కారణం బయటే ఉంటుంది. కెమెరా లెన్స్‌కీ ఫ్లాష్‌కీ కలిపి ఒకే అద్దంలా అతికించే లెన్స్ గార్డ్ చూశారుగా? ఫ్లాష్ వెలుగు ఆ అద్దం లోపలే పక్కకి పాకి లెన్స్‌లో దూరుతుంది. చవకరకం పారదర్శక కవర్లదీ అదే తంతు. రెండూ తీసేసి ఒక ఫొటో తీయండి, తేడా తెలిసిపోతుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఉప్పుగాలి జిడ్డు అదనం. బారువ బీచ్‌కెళ్లి వచ్చాక లెన్స్‌ని, ఫ్లాష్‌ని మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. సూదులు, పిన్నీసులు పెట్టి గీకొద్దు.

ఇక హార్డ్‌వేరే అనుకుంటే

ముందు కంపెనీ ఇచ్చిన పరీక్షే వాడండి. షావోమీ ఫోన్లలో డయలర్‌లో *#*#6484#*#* కొడితే ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షించే మెనూ తెరుచుకుంటుంది. సామ్‌సంగ్‌కి మెంబర్స్ యాప్‌లో డయాగ్నస్టిక్స్ ఉన్నాయి. అక్కడా వెలగకపోతే మూడు సంగతులు గుర్తుచేసుకోండి. ఫోన్ కిందపడిందా? తడిసిందా? ఈమధ్య స్క్రీనో, బ్యాటరీయో, వెనక అద్దమో మార్పించారా? చివరిదానికి జవాబు ‘అవును’ అయితే లోపల ఫ్లెక్స్ కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదనే అనుమానించాలి. మార్చినవాళ్ల దగ్గరికే వెళ్లి చూడమనండి. తడిసిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకి బాగా ఉంది. ఆ నలుసులు లోపలికెళ్లి ఇంకా పాడుచేస్తాయి, అలా చేయొద్దని ఆపిల్ తన సూచనల్లోనే రాసింది.

ఈసీఈ చదివినవాళ్లకి ఒక మాట. షాపులో మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఎల్‌ఈడీకి తగిలిస్తే సన్నగా వెలుగుతుంది. వెలగనంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. తెల్ల ఎల్‌ఈడీకి మూడు వోల్టులకి అటూ ఇటుగా కావాలి, కొన్ని మీటర్లు ఆ మోడ్‌లో అంత ఇవ్వలేవు. ల్యాబులో ఎర్ర ఎల్‌ఈడీతో చేసిన ప్రయోగం ఇక్కడ పనిచెయ్యదన్నమాట.

ఇదంతా మీకు ఇంకోచోట అక్కరకొస్తుంది. సర్వీస్ ఇంజినీర్, టెక్నికల్ సపోర్ట్ ఇంటర్వ్యూల్లో ‘ఒక పరికరం పనిచెయ్యట్లేదు, ఎలా మొదలుపెడతారు?’ అని అడుగుతుంటారు. ‘రూట్ కాజ్ అనాలిసిస్ చేస్తాను సార్’ అని బట్టీపట్టిన జవాబు వాళ్లు రోజూ వింటారు. టార్చి వెలిగిందో లేదో చూసి సగం కారణాల్ని ఒక్క దెబ్బకి ఎలా కొట్టేశారో, సేఫ్ మోడ్‌తో మిగతా సగాన్ని ఎలా విడదీశారో వరసగా చెప్పండి. చేసినవాడికీ చదివినవాడికీ తేడా ఎదుటివాళ్లకి రెండో వాక్యానికే తెలుస్తుంది. ఈ పనే ఉపాధిగా నచ్చితే, గ్రామీణ యువతకి ఉచితంగా నేర్పే ఆర్‌సెటీ సంస్థల్లో సెల్‌ఫోన్ రిపేరు కోర్సు ఉంది. మీ బ్యాంకులో అడిగితే బ్యాచ్ ఎప్పుడో చెబుతారు.

షాపుకెళ్లే ముందు

చాలా బ్రాండ్ల సర్వీస్ సెంటర్ కోసం సోంపేట నుంచి ఇటు శ్రీకాకుళమో అటు బరంపురమో వెళ్లాలి. ఒక రోజు పోతుంది, చార్జీలు పోతాయి. అందుకే ముందు ఫోన్ చేసి, మీరు చేసిన పరీక్షలన్నీ చెప్పి, ఆ భాగం ఉందో లేదో కనుక్కోండి. వారంటీ ఉంటే బయట విప్పించొద్దు.

‘ఒకసారి రీసెట్ కొట్టేద్దాం’ అని ఎవరైనా అంటే వెంటనే తలూపకండి. టార్చే వెలగని ఫోన్‌కి రీసెట్ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. పోయేది మాత్రం చాలా ఉంటుంది: డౌన్‌లోడ్ చేసుకున్న హాల్‌టికెట్లు, బ్యాకప్ లేని వాట్సాప్, అథెంటికేటర్ యాప్‌లో కోడ్‌లు. గడువు దగ్గర్లో ఉన్న దరఖాస్తు ఏదైనా ఉంటే అది పూర్తయ్యాకే ఫోన్ ఇవ్వండి. ఇచ్చేటప్పుడు సిమ్ తీసుకోండి, ఓటీపీలు అందులోకే వస్తాయి. స్క్రీన్ లాక్ నంబరు చెప్పాల్సివస్తే సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ పెట్టి ఇవ్వండి. మీ ఫొటోలు, మెసేజ్‌లు వాళ్లకి కనబడవు. ఆడపిల్లలు దీన్ని అస్సలు మరవొద్దు.

ఏ భాగం మార్చారో, ఎంత తీసుకున్నారో, ఎన్నాళ్ల గ్యారంటీయో బిల్లుమీద రాయించుకోండి, పాత భాగం వెనక్కి అడగండి. కంపెనీలు తమ రిపేరు వివరాలు పెట్టేందుకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది, మీ బ్రాండ్ అందులో ఉందేమో చూడండి. డబ్బు తీసుకుని పని చెయ్యకపోయినా, వారంటీలో ఉన్నదానికి కాదన్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. బిల్లు చేతిలో ఉంచుకుని చేయండి, మొదట అడిగేది దాని వివరాలే.