వెనక్కి వాలిన ఇంజిన్

మోటారు సైకిల్ ముందర కింద కూర్చుని ఇంజిన్‌ను చూస్తే మొదట కంటబడేది బెండ్ పైపు. సిలిండర్ ముందువైపు పుట్టి, కిందికి వంగి, వెనక సైలెన్సర్‌లో కలుస్తుంది. స్ప్లెండర్ అయినా బుల్లెట్ అయినా అంతే. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310 దగ్గర కూర్చుంటే రేడియేటర్ కనిపిస్తుంది, దాని వెనక ఇంజిన్ కనిపిస్తుంది, పైపు మాత్రం కనిపించదు. కొత్తకోట చౌరస్తాలో నా బండి చుట్టూ చేరిన వాళ్ళలో వనపర్తి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే పిల్లవాడొకడున్నాడు. ఎంతిస్తది, ఎంత పడ్డది అని మిగతావాళ్ళు అడుగుతుంటే వాడు వంగి చూసి, "సార్, దీని బెండ్ పైపేది? ఇంజిన్ తిప్పి పెట్టిండ్రా?" అన్నాడు. సరిగ్గా అదే చేశారు. ఈ బండి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నా నమ్మకం.

అసలు ఇన్నేళ్ళూ పైపు ముందే ఎందుకుంది? ఇంజిన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కాలేది ఎగ్జాస్ట్ వాల్వు ఉన్న వైపు. గాలితో చల్లబడే ఇంజిన్‌లో ఎదురుగాలి ముందుగా ఆ వైపుకే తగలాలి. కార్బురేటర్‌కు పెట్రోలు తనంతట తాను పైనుంచి దిగాలి కాబట్టి దాన్ని ట్యాంకు కింద, వెనకవైపు పెట్టారు. రెండూ మంచి కారణాలే. రేడియేటర్ వచ్చాక మొదటిది పోయింది. పంపు ఒత్తిడితో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ వచ్చాక రెండోదీ పోయింది. కారణాలు పోయినా అమరిక అలవాటుగా మిగిలింది. అమెరికాలో అప్పట్లో సైకిళ్ళు చేసే కానన్‌డేల్ కంపెనీ తన మోటోక్రాస్ బండిలో సిలిండర్ హెడ్‌ను తిప్పేసి, గాలి ముందు నుంచి, పొగ వెనక నుంచి పోయేలా చేసింది. మోటారు బళ్ళ అప్పులే ఆ కంపెనీని 2003లో దివాలా తీయించాయి గానీ ఆలోచన చావలేదు. 2010లో యమహా అదే పనిని తన వైజడ్450ఎఫ్‌లో, సిలిండర్‌ను వెనక్కి వాల్చి మరీ చేసి చూపింది. 2013లో బీఎండబ్ల్యూ, టీవీఎస్ చేతులు కలిపాక పుట్టిన 310 ఇంజిన్ ఆ దారినే పట్టింది.

తిప్పినందువల్ల వచ్చిన లాభం ఏమిటో చూద్దాం. ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు ఫోర్కు కుంగి, ముందు చక్రం ఇంజిన్ వైపు జరుగుతుంది. మామూలు బండిలో ఆ రెండింటి మధ్య బెండ్ పైపు ఉంటుంది కాబట్టి ఇంజిన్‌ను కాస్త వెనక్కి పెట్టక తప్పదు. పైపు లేకపోతే ఆ చోటు ఖాళీ. సిలిండర్ కూడా వెనక్కి వాలింది కాబట్టి ఇంజిన్ అడుగుభాగాన్ని ఇంకా ముందుకు జరపవచ్చు. బండిలో అన్నిటికన్నా బరువైన భాగం అలా ముందు చక్రానికి దగ్గరవుతుంది. ముందు చక్రం మీద బరువు లేకపోతే ఏమవుతుందో మన పాలమూరు రైతుకు చెప్పనక్కర్లేదు. టీవీఎస్ మోపెడ్ వెనక పల్లికాయ బస్తా వేసుకుని మిట్ట ఎక్కినప్పుడు హ్యాండిల్ ఎంత తేలికవుతుందో, తిప్పితే ఎంత ఆలస్యంగా మాట వింటుందో ఆ రైతు చేతులకు తెలుసు.

నాకు అంతకన్నా ఇష్టమైన లాభం ఇంకొకటుంది. ఇంజిన్ ముందుకు జరిగితే దాని వెనకే ఉన్న స్వింగ్ ఆర్మ్ ఇరుసు కూడా ముందుకు జరుగుతుంది. రెండు చక్రాల మధ్య దూరం ఈ బండిలో 1,358 మిల్లీమీటర్లే. ఆ దూరం పెంచకుండానే వెనక చక్రాన్ని పట్టుకునే ఆ చెయ్యి (స్వింగ్ ఆర్మ్) పొడవైంది. పొడవైతే ఏమిటి? కాగితం మీద గీసి చూడండి. ఉదాహరణకు 500 మిల్లీమీటర్ల చెయ్యి ఉన్న చక్రం ఒక స్పీడ్ బ్రేకర్ మీద 60 మిల్లీమీటర్లు పైకి లేచిందనుకుందాం. చెయ్యి దాదాపు 7 డిగ్రీలు తిరుగుతుంది. అదే చెయ్యి 600 మిల్లీమీటర్లుంటే 5.7 డిగ్రీలతో సరిపోతుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు చైన్ లాగే లాగుడు ఈ చేతిని కూడా పైకో కిందికో తోస్తుంది. ఎంత తోస్తుందనేది చైన్‌కూ చేతికీ ఉన్న కోణాన్ని బట్టి ఉంటుంది. కోణం తక్కువగా మారితే ఆ తోపుడూ ఒకే తీరుగా ఉంటుంది. మదనాపురం వైపు మలుపులో, రోడ్డు సగం లేచిపోయిన చోట గేరు దించి యాక్సిలరేటర్ తెరిస్తే బండి వెనకభాగం ఎగిరిపడకుండా నిలకడగా తోసుకుపోతుంది. మొదటి రోజే నా మనసు దోచింది ఆ నిలకడే.

ధర లేకుండా ఏదీ రాదు. అన్నిటికన్నా ఎక్కువ కాలే వైపు ఇప్పుడు మన తొడల ముందుకొచ్చింది. మే నెల మధ్యాహ్నం జడ్చర్ల దాకా పోయే మనిషికి ఈ సంగతి తెలియాలి.

వేగం పుట్టే తీరు వేరే ముచ్చట. సిలిండర్ వెడల్పు 80 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 62.1. ఘనపరిమాణం 312 సీసీ. పూర్తి శక్తి, 35.6 పీఎస్, వచ్చేది 9,700 ఆర్‌పీఎం దగ్గర. ఆ వేగంలో పిస్టన్ సగటున సెకనుకు 20 మీటర్లు పరుగెత్తుతుంది, సెకనుకు 80 సార్లు పేలుడు తింటుంది. లాగుడు బలం ఎక్కువగా ఉండేది 6,650 దగ్గర. అందుకే కొత్త బండి తెచ్చుకున్న వారానికే "పికప్ లేదు" అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. రన్నింగ్-ఇన్ అయ్యేదాకా ఆర్‌పీఎం పెంచకూడదు. అంటే ఇంజిన్ అసలు పని చేసే చోటికి వాళ్ళింకా చేరనే లేదు.

ఇక ట్యూనింగ్. ఈసీయూ మ్యాపు మార్చాలా, సైలెన్సర్ మార్చాలా అని అందరూ అక్కడే మొదలుపెడతారు. బరువును ఎక్కడ పెట్టాలో అంత ఆలోచించి కట్టిన బండికి ముందు చూడాల్సింది మన బరువు దాని మీద ఎలా పడుతుందన్నది. వెనక షాకబ్జార్బర్‌లో ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఇంటర్ భౌతికశాస్త్రంలోని హుక్ సూత్రం అలా చెప్పదు. స్ప్రింగు గట్టితనం దాని తీగ మందానిది, చుట్లది. బిగిస్తే అది మారదు. అదే బరువుకు బండి వెనకభాగం కాస్త ఎత్తులో నిలుస్తుంది, అంతే. వెనక ఎత్తయితే బరువు ఇంకాస్త ముందుకు పోతుంది, హ్యాండిల్ చురుకవుతుంది. మనం ఎక్కి కూర్చున్నప్పుడు వెనకభాగం, వెనక చక్రం మొత్తం కదలికలో సుమారు మూడో వంతు దిగాలి. ఇంకొకరి చేత స్కేలు పట్టించుకుని కొలవండి. తర్వాత రీబౌండ్, అంటే కుంగిన షాక్ తిరిగి లేచే వేగం. అది సర్దుకునే వీలు, అదనంగా తీసుకునే డైనమిక్ కిట్ ఉన్న బండికే ఉంది. స్క్రూను పూర్తిగా బిగించి, అక్కడి నుంచి వదులు చేస్తూ క్లిక్కులు లెక్కపెట్టుకుని రాసుకోవాలి.

కుర్రవాళ్ళు ఎక్కువగా అడిగేది వెనక స్ప్రాకెట్ సంగతి. రెండు పళ్ళు ఎక్కువున్నది వేస్తే పికప్ పెరుగుతుంది, నిజమే. చైన్ మాత్రం పాతదే ఉంచితే ఆ రెండు పళ్ళు ఒక లింకు పొడవును మింగుతాయి. ఈ తరగతి బళ్ళ చైన్‌లో లింకు పొడవు 15.875 మిల్లీమీటర్లు. పైనా కిందా రెండు వరసలు కాబట్టి అందులో సగం, అంటే 8 మిల్లీమీటర్ల మేర, చక్రాన్ని ముందుకు జరపాలి. ఇంజినీర్లు ఇంజిన్‌నే తిప్పి సంపాదించిన పొడవులో అంత ముక్క చైన్ బిగించే స్పానర్‌తో వెనక్కి ఇచ్చేసినట్టు. రెండు లింకులు ఎక్కువున్న చైన్ అడగండి. అడ్జస్టర్‌లో చోటుంటే చక్రం అదే 8 మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది, పికప్ కూడా పెరుగుతుంది.